చేతివాటం

మ్జెవినారి తాళంచెవి నా అరచేతిలో పెట్టి
"దీపం సరిగ్గానే వెలుగుతోంది, సరిగ్గానే ఆరుతోంది,
బండి మాత్రం అబానో కనుమ ఎక్కనంటోంది" అంది.
వెనక సీట్లు పీకేసిన డెలికా వ్యాను.
గొర్రెతోలు తిత్తుల్లో జున్ను వాసన,
నేలంతా ఉప్పుతడి.

ఆల్వానీలో అక్టోబరు. మందలు కొండ దిగే రోజులు.
షెడ్డు ముందు రోడ్డంతా గొర్రెలే,
అవి దాటేదాకా ఇంజను మాట వినపడదు.
చెవులు పక్కన పెట్టి కళ్ళతో మొదలుపెట్టాను.

తాళం సగం తిప్పితే
ఎర్రగా నూనె దీపం,
పక్కనే పసుపుగా ఇంజను దీపం.
ఇంజను అందుకోగానే రెండూ ఆరాయి.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆరాయి.
ఏడోసారికి తట్టింది:
రెండూ ఒకే రెప్పపాటున ఆరుతున్నాయి.
ఒకటి నూనె ఒత్తిడినడిగి ఆరాలి,
ఇంకొకటి కంప్యూటరు సరేనంటే ఆరాలి.
కవలలైనా ఇంత కలిసి తుమ్మరు.

బండి కిందికి దూరి
నూనె స్విచ్చు మీది తీగ ఊడదీసి
"తాళం తిప్పు, స్టార్టు చెయ్యకు" అని అరిచాను.
"ఏం వెలిగింది?"
"బ్యాటరీ బొమ్మ."
"పసుపుది?"
"బ్యాటరీ బొమ్మ ఒక్కటే అంటున్నాగా!"
అత్తగారి పంటినొప్పికి
కోడలి బుగ్గ వాచినట్టుంది వ్యవహారం.

డాష్‌బోర్డుకి ఆరు మరలు, విరిగిపోయిన కొక్కేలు రెండు.
మీటర్ల పలక బోర్లించి
మల్టీమీటరు ముల్లు ఆనించాను. కూసింది.
కూయకూడని చోట ఆనించాను. అక్కడా కూసింది.
వేలెడు నల్లతీగ,
ఈ దీపం కాలిని ఆ దీపం కాలికి కట్టేసి.
కంప్యూటరు నుంచొచ్చే అసలు తీగని
కత్తిరించి, మడిచి,
నోట్లో గుడ్డ కుక్కినట్టు టేపు చుట్టి.
టేపు కొస ఊడకుండా
మైనం పట్టించిన దారం మూడు చుట్లు,
ఎడంచేతి ముడి.

ఆ ముడి మా మేనమామ వేసేవాడు,
చెప్పులు కుట్టేవాడాయన.
ఆయన పోయి ఇరవయ్యేళ్ళు.
ఆయన దగ్గర నేర్చుకున్నది నేనొక్కణ్ణే.

రుస్తావి కార్ల సంతలో రెండు చలికాలాలు.
గురామ్ అని ఒక దళారి. బండికి ఒక ఇరవై నోటు.
ఎన్ని బండ్లో లెక్క లేదు.
లెక్క ఉంది, చెప్పను.
కొనేవాడు తాళం తిప్పేవాడు,
దీపం వెలిగి ఆరేది, వాడి మొహం వెలిగేది.
అది ఆరే వేళకి
నేను ఇంకో బండి కింద ఉండేవాణ్ణి.

"దొరికిందా?"
కిటికీలోంచి వంగి అడిగింది మ్జెవినారి.
తేలు కుట్టిన దొంగలా
పెదవి విప్పకుండా "ఊఁ" అన్నాను.

ముడి కోశాను.
అసలు తీగని అసలు దీపానికి అతికాను.
ఈసారి దారం కట్టలేదు.
ఇంజను అందుకుంది. ఎర్రది ఆరింది.
పసుపుది ఆరలేదు.
"చెడగొట్టావుగా నోదార్!" అంది.

పెడల్ పైనున్న సాకెట్టులో చిన్న తీగ గుచ్చాను.
దీపం రెప్పలాడించింది:
మూడు పొడుగు, ఒకటి పొట్టి.
కాసేపాగి, మూడు పొడుగు, ఒకటి పొట్టి.
ఎన్నాళ్ళుగా
ఆ ఒక్క మాటే నోట్లో పెట్టుకుని కూర్చుందో.
ఇంజను లోపలి కొట్టుడు వినే చెవి పోయిందట.
వినపడని భయానికి
ఎక్కుడు చూస్తే చాలు, బలం బిగబట్టుకుంటోందట.
"చెవి మారుస్తే ఎక్కుతుంది" అన్నాను.

"అయితే ఇన్నాళ్ళూ..." అని ఆగిపోయింది.
లోపల్లోపల ఏదో లెక్కేసుకుంది,
పెట్రోలో, కనుమ మలుపుల్లో వెనక్కి జారిన రాత్రులో.
కోసిన ముడిని వేళ్ళ మధ్య నలుపుతూ
"ఎవడోగానీ," అంది,
"ముడి మాత్రం బాగా వేశాడు."

చేతులు తుడుచుకుందామని
గుడ్డ కోసం షెడ్డంతా వెతికాను.
నా భుజం మీదే ఉంది.